రాత్రివేళ వచ్చు గాలివాన

ఆశ్వయుజ మాసము ప్రవేశించిన దనిన మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల రైతునకు రెండు తలంపులు కలుగును. చేనివైపు చూచినపుడు సంతోషము కలుగును. ఆషాఢ శ్రావణములలో ఊడ్చిన వరి అప్పటికి పొట్టతో నుండి, కొన్ని మళ్లలో ఈనుచుండును. సముద్రమువైపు చూచినపుడు జంకు కలుగును. 2013వ సంవత్సరమున ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఈ మూడు తుపానులును అక్టోబరు నెల రెండవ వారముననే వచ్చినవి. అందు మొదటి రెండును ఒకే తేదీన, అక్టోబరు 12వ నాడు, తీరము దాటినవి. కావున ఈ మాసము ఎరువులను గుఱించియు పురుగులను గుఱించియు వ్రాయుటకు ముందు గాలివానను గుఱించి, అందును రాత్రివేళ వచ్చు గాలివానను గుఱించి వ్రాయ సంకల్పించితిని.

“గాలి పగలు వచ్చిన నేమి, రాత్రి వచ్చిన నేమి, పడు చెట్టు పడక మానునా?” యని కొందఱు రైతు సోదరులు అడుగవచ్చును. చెట్టు విషయమున ఆ మాట నిజమే. మనుష్యుల విషయమునను పశువుల విషయమునను నిజము కాదు. ఇది నేను పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. 2018 అక్టోబరు 10వ తేదీ రాత్రి నావలన జరిగిన యొక పొరపాటుచేత నేర్చుకొన్నది. దానిని దాచక వ్రాయుచున్నాను.

తిత్లీ యనగా సీతాకోకచిలుక. మన సముద్రములలో పుట్టు తుపానులకు చుట్టుపట్ల దేశములవారు ముందుగానే పేర్లు సూచించి యుంచుదురు. ఈ పేరు పాకిస్తానువారు సూచించినది. సీతాకోకచిలుక తోటను పాడుచేయదు గాని, గొంగళిపురుగుగా నున్నపుడు చేయునని, వ్యవసాయశాఖలో పనిచేయు మాబోటివారము పరిహాసముగా ననుకొంటిమి. అది తొమ్మిదవ తేదీనాటి పరిహాసము.

ఆ నెల 8వ తేదీన బంగాళాఖాతము నడుమ వాయుగుండము ఏర్పడెను. 9వ తేదీకి తుపానాయెను. 10వ తేదీ మధ్యాహ్నమునకు అతి తీవ్రమైన తుపానుగా మాఱెను. గోపాలపురమునకును కళింగపట్నమునకును నడుమ 11వ తేదీ తెల్లవాఱుజామున తీరము దాటునని వాతావరణశాఖవారు ముందుగానే చెప్పిరి, చెప్పినట్లే జరిగెను. కాని వినువాని చెవి తనకు కావలసిన మాటనే పట్టుకొనును గదా. గోపాలపురము పేరు ముందుగా వినబడుటచేత, “ఇది ఒడిశాకు పోవు తుపాను, మనకు చివరి వాన మాత్రమే” యని ఉద్దానపు గ్రామములలో పెక్కుమంది తలంచిరి. గోపాలపురమునకును కళింగపట్నమునకును నడుమ నున్నదెల్ల ఉద్దానమే యన్న సంగతి ఆ రాత్రి ఎవ్వరి మనస్సునకును తోచలేదు. నా మనస్సునకును తోచలేదు.

పదవ తేదీ సాయంకాలము నేను వజ్రపుకొత్తూరు మండలములో నొక గ్రామమున నుంటిని. ఆ దినము శరన్నవరాత్రుల మొదటి దినము. గుడిలో కలశము పెట్టిరి. పిల్లలు క్రొత్త బట్టల మాట చెప్పుకొనుచుండిరి. సన్నని తుంపర, అప్పుడప్పుడు ఈశాన్యమునుండి విసురు గాలి, అంతకు మించి యేమియు లేదు. పూరియిండ్లవారు బడి భవనమునకు పోవలెనని దండోరా వేయించిరి. కొందఱు పోయిరి. చాలమంది భోజనములైన పిమ్మట చూతమనిరి.

ఆ యూరిలో డెబ్బది యేండ్ల రైతు ఒకాయన కలడు. ఊరివారందఱు ఆయనను పెద్దయ్య యని పిలుతురు. రెండెకరముల కొబ్బరితోట, ఎకరమున్నర జీడితోట, నాలుగు పశువులు ఆయన యాస్తి. నేను పోయి బడికి రమ్మని చెప్పగా, “పశువులను వదలి నేనెక్కడికి వత్తును బాబూ! ఇంతకంటె పెద్ద గాలులు చూచితిని. తెల్లవాఱనిండు, చూతము” అనెను. ఆయన యెదురుచూచిన తెల్లవాఱుట తుపాను తీరము దాటిన పిమ్మట గాని రాలేదు.

ఆయన రానన్నపుడు నేను గట్టిగా చెప్పవలసినది. చెప్పలేదు. పైగా ఒక సలహా ఇచ్చితిని. “పశువులు బెదరి త్రెంపుకొని పోకుండ శాలలో పలుపులు గట్టిగా బిగించి కట్టుడు” అంటిని. ఆయన కుమారుడు నా మాట మన్నించి, ఒక్కొక్క పశువునకు రెండేసి ముళ్లు వేసి కట్టెను. వ్యవసాయపు అధికారి చెప్పిన మాట కదా!

అమావాస్య వెళ్లి అది రెండవ రాత్రి. చంద్రుడు లేడు. ఒంటిగంట దాటిన పిమ్మట వాన బలిసెను. రెండు గంటలకు దీపములాఱిపోయెను. మూడు గంటలు మొదలు గాలి చప్పుడు మాఱినది. అంతవఱకు ఈలవలె నున్న ధ్వని గూడ్సుబండి వంతెనమీద పోవునట్లు ఎడతెగక మ్రోగసాగెను. నేను సహకార సంఘపు గిడ్డంగిలో తలదాచుకొంటిని. ప్రక్కనున్నవాని మాట వినుటకు చెవిలో నోరుపెట్టి అఱవవలసి వచ్చెను. బయట నేమి పడుచున్నదో తెలియదు. రేకులు ఎగిరిపోవు చప్పుడు వినబడుచుండెను గాని, అవి యెటునుండి యెటు పోవుచున్నవో కనబడదు. పగలైనచో రేకు వచ్చుట చూచి తల వంచుకొందుము. చీకటిలో నట్లు చేయుట కుదరదు.

నాలుగు గంటల వేళ పెద్దయ్యగారి శాల ఒరిగెను. తండ్రి లాంతరు పట్టుకొని, కుమారుడు పశువులను విప్పుటకు బయలుదేరిరి. లాంతరు గడపదాటగానే ఆఱిపోయెను. వానకు తడిసిన పలుపులు ఉబ్బి, ముళ్లు బిగిసి, చేతికి వచ్చినవి కావు. కొడవలికై వెనుకకు పోవునంతలో శాల వెన్నుగాడి విఱిగి పడెను. కుమారుని భుజపుటెముక విఱిగినది. ఒక పాడిగేదెయు ఒక చూడి ఆవును అక్కడనే చచ్చినవి. మిగిలిన రెండింటిని తెల్లవాఱిన పిమ్మట పలుపులు కోసి వదలిరి. త్రెంపుకొని పోయిన పశువు మఱునాడు దొరకును. కట్టుగుంజ దగ్గఱ చచ్చిన పశువు దొరకదు. ఈ చిన్న సంగతి నేను ఇరువది యేండ్ల ఉద్యోగములో ఎన్నడును ఆలోచింపలేదు.

తిత్లీ 11వ తేదీ తెల్లవాఱుజామున నాలుగున్నర, అయిదున్నర గంటల నడుమ పలాస సమీపమున తీరము దాటెను. గాలివేగము గంటకు 140 మొదలు 150 కిలోమీటర్లు, విసరులు 165 కిలోమీటర్ల వఱకు నుండెను. వేగము రెట్టింపైనచో గాలి త్రోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగునని రైతు సోదరులు గుర్తుంచుకొనవలెను. డెబ్బదియైదు కిలోమీటర్ల గాలికి నిలిచిన చెట్టు నూటయేబది కిలోమీటర్ల గాలికిని నిలుచునని లెక్కవేయుట పొరపాటు.

తెల్లవాఱి చూడగా ఉద్దానము ఉద్దానముగా లేదు. ఆ పేరు ఉద్యానవనమునుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో ఎండ నేలమీద పడని త్రోవలెన్నో యుండెడివి. ఆ ఉదయము ఆ త్రోవలలో నిలిచినచో ఆకాశమంతయు కనబడెను. కొబ్బరిచెట్లు కొన్ని వేళ్లతో లేచినవి, కొన్ని నడిమికి విఱిగినవి, కొన్నింటి మొవ్వు మెలిపడి తెగినది. జీడిచెట్లు వెడల్పైన తలలతో గాలిని పట్టుకొని మొదలంట పెల్లగిలి ప్రక్కకు పడినవి. విద్యుత్ స్తంభములు వేలకొలది కూలినవి. మోటారులు తిరుగక, త్రాగుటకు నీరు లేక, ఒక్కొక్క కుటుంబము బిందె నీటికొఱకు ఎంతో దూరము నడచెను. మూత్రపిండముల వ్యాధి యధికముగా నున్న ప్రాంతములో మంచినీరును విద్యుత్తును లేకుండుట యెట్టి బాధయో చెప్పనక్కఱలేదు.

కొబ్బరిచెట్టు పడుట వరిచేను పడుటవంటిది కాదు. వరి పోయినచో ఆ యేటి కష్టము పోవును. మన పొడుగురకపు కొబ్బరి నాటిన ఆఱేడేండ్లకు గాని కాపునకు రాదు. వచ్చిన పిమ్మట యేబది యేండ్లకు పైగా నెలనెలకు కాయనిచ్చును. ఉద్దానపు రైతుకు ఎకరమున డెబ్బది చెట్లున్నచో అదియే పింఛను, అదియే ఆడపిల్ల పెండ్లి, అదియే సంఘములో అప్పునకు పూచీ. “మా నాయన నాటిన చెట్లు, నా మనుమలు తిందురనుకొంటిని” అని పెద్దయ్య నాతో చెప్పెను. అంతకు మించి యేమియు చెప్పలేదు. నన్నేమియు అనలేదు. అనినచో బాగుండెడిది.

మన రాష్ట్రమున ఎనమండుగురు మరణించిరి. ఒడిశాలో మృతులు డెబ్బదిమందికి పైబడిరి. అక్కడ తీరమునందుకంటె లోతట్టు కొండలలో ఎక్కువ నష్టము కలిగెను. గజపతి జిల్లాలో బారాఘరా యను కొండయూరివారు పదకొండవ తేదీ సాయంకాలము కుంభవృష్టికి జడిసి ఒక రాతిగుహ వంటి తావున తలదాచుకొనగా, కొండచరియ విఱిగిపడి పదిమందికి పైగా చనిపోయిరి. సముద్రమునకు దూరముగా నున్నాము గదాయని పార్వతీపురము, పాతపట్నము వైపు కొండచరియల రైతులు ధైర్యముగా నుండరాదు. తుపాను తీరము దాటిన పిమ్మట గాలి తగ్గును గాని వాన తగ్గదు. ఆ కొండల వానయే మహేంద్రతనయలోను వంశధారలోను వరదయై దిగివచ్చును.

ఇక రాత్రి మాట. రాత్రి గాలి పగటి గాలికంటె బలమైనది కాదు. మన యవస్థయే వేఱు. నిద్రలో నున్నవాడు హెచ్చరిక వినడు. మేల్కొన్నవాడు త్రోవ చూడలేడు. త్రోవ చూచినను నీటిలో తెగిపడిన తీగ యున్నదో లేదో యెఱుగడు. పగలు పొలములో, బజారులో, బడిలో నుండువారందఱును రాత్రి తమ తమ యిండ్లలో, అనగా ఊరిలోనికెల్ల బలహీనమైన కప్పుల క్రింద, నుందురు. ముసలివారును పసిపిల్లలును ఉన్న ఇంట నొక్కరిని లేపి బయటికి తెచ్చుటకు పట్టు కాలములో కప్పు లేచిపోవును.

ఇది మన బీదతనమువలన మాత్రమే కలుగు చిక్కు కాదు. అమెరికా దేశములో తుపానులుగాక సుడిగాలులు మెండు. నల్లని మేఘమునుండి ఏనుగు తొండమువలె దిగి, కొద్ది నిమిషములలో కొన్ని వందల గజముల వెడల్పున నున్నదెల్ల ఊడ్చివేయును. తుపాను మూడు దినముల ముందు తెలియును. సుడిగాలి ముప్పావు గంట ముందు తెలిసినను గొప్పయే. ఆ దేశపు శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరముల లెక్కలు తీసి, రాత్రి సుడిగాలి మనుష్యుని చంపుటకు పగటి సుడిగాలికంటె రెండున్నర రెట్లు ఎక్కువ అవకాశము కలదని 2008లో ప్రకటించిరి. ఇంటింట రేడియోలు, వీథివీథిని కూతపెట్టు యంత్రములు ఉన్న దేశములో ఇట్లున్నది. 2021 డిసెంబరు 10వ తేదీ రాత్రి కెంటకీ రాష్ట్రములో మేఫీల్డ్ అను పట్టణముమీదుగా పోయిన ఒక్క సుడిగాలివలన ఏబదిమందికి పైగా చనిపోయిరి. అందు క్రొవ్వొత్తుల కర్మాగారములో రాత్రి పనికి వచ్చిన కూలివారును కలరు.

మనకును చైత్ర వైశాఖములలో సాయంకాలము పడమటి మబ్బుతో లేచి, రాత్రి భోజనముల వేళకు మీదపడు గాలిదుమారములు క్రొత్తవి కావు. మామిడి రాలి, అరటి విఱిగిన పిమ్మట వానిని గుఱించి మాటలాడుకొందుము. బంగ్లాదేశములో 1989 ఏప్రిల్ 26వ తేదీ సాయంకాలము దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతమున వచ్చిన సుడిగాలికి సుమారు పదమూడు వందలమంది బలియైరి. ఆ గాలి పుట్టిన వేసవి మబ్బులవంటి మబ్బులే మనకును పట్టుచుండును. పడమట మబ్బు కమ్మి, ఉఱుము ఎడతెగనపుడు ఆ రాత్రి తాటాకు పాకలో పండుకొనక గట్టి గోడల మధ్యకు పోవుట మేలు.

అయినను రాత్రి వచ్చిన ప్రతి గాలివానయు మారణహోమము కానక్కఱలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీద సముద్రము పొంగిపడినపుడు సుమారు ముప్పదివేలమంది చనిపోయిరని వ్రాతలు కలవు. అప్పటికి మన దేశమున వాతావరణశాఖయే లేదు, అది 1875లో ఏర్పడినది. ఇటీవలి మాట చూడుడు. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన మహా తుపానులో సుమారు పదివేలమంది పోయిరి. 2013లో ఫైలిన్ గోపాలపురము దగ్గఱ రాత్రియే తీరము దాటెను. దాని గాలి గంటకు 200 కిలోమీటర్లు, అనగా తిత్లీకంటె మిక్కిలి బలమైనది. ప్రాణనష్టము మాత్రము పదులలో నిలిచినది. రెండు రాష్ట్రములలోను కలిపి సుమారు పదిలక్షల మందిని గాలి రాకమునుపే తరలించుటయే దీనికి కారణము. గాలి రాత్రి వచ్చెను, నిర్ణయము పగలే జరిగెను. పెద్దయ్యగారి యింట గాలియు రాత్రియే వచ్చెను, నిర్ణయమును రాత్రికే మిగిలెను.

కావున నేను మన సంఘ సభ్యులకు చేయు మనవి ఒక్కటే. తుపాను హెచ్చరిక యున్న దినమున చేయదగిన పనులన్నియు దీపములు పెట్టు వేళకు ముగియవలెను. బడికి పోవలసినవారు రాత్రి భోజనము బడిలోనే చేయవలెను. “తిని వత్తుము” అన్నవారు రారు. ఈ మాట నేను మూడు తుపానులలో చూచి చెప్పుచున్నాను. ఆడవారు రానిచ్చగింపకుండుటకు కారణములు కలవు. మఱుగు లేదు, మరుగుదొడ్డి దూరము, ఇంట మేకలున్నవి, పెట్టెలో పుస్తెలతాడున్నది. వీనిని తేలికగా తీసివేయక, సంఘమువారు ఆడవారికి వేఱు గదియు, దానికి గొళ్లెమును, ఒక దీపమును ఏర్పాటుచేసినచో సగము మంది పిలువకుండనే వత్తురు.

పది యిండ్లకొక మనుష్యుని ముందే నియమింపవలెను. ఆ పదింటిలో నడువలేనివారెవరు, నిండు చూలాలెవరు, ఒంటరిగా నున్న వృద్ధురాలెవరు అన్నది అతనికి తెలియవలెను. ఆ జాబితా సంఘపు కార్యాలయములో గోడకు అంటించి యుండవలెను గాని, బీరువాలో తాళమువేసి యుండరాదు. వేటకు పోయిన పడవలు తిరిగి రాలేదేమో భావనపాడు, నువ్వలరేవు, మంచినీళ్లపేట, కోనాడ మొదలైన తీరగ్రామములలో సాయంకాలమునకే లెక్క చూచుకొనవలెను.

సెల్‌ఫోనులు చేతులనుండగా ఇదంతయు నెందుకని యువకులు నవ్వవచ్చును. తిత్లీ నాటి రాత్రి ఫోనులు చేతులలోనే యుండెను, గోపురములు మాత్రము పనిచేయలేదు. నేను చదువుకొన్న మిషను బడిలో వేపచెట్టుకు రైలుపట్టా ముక్క యొకటి వ్రేలాడుచుండెడిది. అది కొట్టినచో రెండు మైళ్లు వినబడెడిది. అట్టిది ప్రతి సంఘపు గిడ్డంగి దగ్గఱ నుండదగును. దానికి తుప్పు పట్టుట తప్ప వేఱు జబ్బు లేదు. కాని ఒక్క సంగతి, గాలి లేచిన పిమ్మట అదియు వినబడదు. సాయంకాలము అయిదు గంటలకే కొట్టవలెను. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్టణము ఓడరేవులలో హెచ్చరిక స్తంభములపై పగలు ఆకారములను, రాత్రి దీపములను ఎత్తు పద్ధతి మన పెద్దల కాలమునుండి వచ్చినదే. పగటి గుర్తు రాత్రికి పనికిరాదని నావికు లెన్నడో గ్రహించిరి.

గాలి దిక్కును గుఱించి రైతు నేర్చుకొనదగిన చిన్న విద్య కలదు. గాలికి వీపుపెట్టి నిలిచినచో తుపాను నడిమిభాగము ఇంచుమించుగా మీ యెడమచేతి వైపున నుండును. నేరుగా మీ యూరిమీదికే తుపాను వచ్చుచున్నపుడు గాలి మొదట ఈశాన్యమునుండి వీచి బలియుచుండును. పిమ్మట ఉన్నట్టుండి అణగిపోయి, ఒక్కొక్కప్పుడు నక్షత్రములును కనబడును. అది తుపాను కన్ను. పగలైనచో చుట్టును గోడకట్టినట్లున్న మేఘమును చూచి, ఇంకను కలదని తెలిసికొందుము. రాత్రివేళ అది కనబడదు, గాలి తగ్గినదని జనులు బయటికి వచ్చి పడిన కప్పు సరిచేయనారంభింతురు. అరగంటయో గంటయో గడచినంతనే ఎదురు దిక్కున, నైరుతినుండి, మునుపటంత గాలి ఒక్కసారిగా మీదపడును. మొదటి గాలికి ఒక ప్రక్క ఒరిగిన చెట్టు రెండవ గాలికి రెండవ ప్రక్కకు పడును. కావున దిక్కు మాఱి, ఆ రెండవ గాలియు తగ్గువఱకు గడపదాటరాదు.

ఇంటి కాగితముల విషయము: పాసు పుస్తకము, ఆధారు కార్డు, సంఘపు అప్పు పత్రము, పంట నమోదు రసీదు, ఇవన్నియు రబ్బరు సంచిలో కట్టి పెద్దవాని నడుమున నుండవలెను. నష్టపరిహారము కాగితమున పేరున్నవానికి వచ్చును. కౌలురైతుల కష్టము ఇక్కడనే యున్నది. చెట్టు ఒకనిది, చెమట ఇంకొకనిది. పంట నమోదునాడు తన పేరు వ్రాయించుకొనని కౌలురైతు తుపాను మఱునాడు ఎంత మొఱపెట్టుకొన్నను ఫలము లేదు. మన సంఘములు తమ సభ్యులైన కౌలుదారుల పేర్లు భాద్రపదములోనే సరిచూచినచో, గిడ్డంగి కట్టించుటకంటె పెద్ద మేలు చేసినవారగుదురు.

గాలి వెలిసిన పిమ్మట తోటలో చేయవలసిన పనులు కొన్ని వ్రాసి ముగింతును. వీనిలో నిర్లక్ష్యము చేసినచో మిగిలిన చెట్లును పోవును. పడిన కొబ్బరి మొదళ్లు తోటలో కుళ్లనిచ్చుట తగదు. కొమ్ముపురుగు ఆ కుళ్లులోనే గ్రుడ్లుపెట్టి పెరిగి, నిలిచిన చెట్ల మొవ్వులను తొలుచును. తిత్లీ తరువాత మనుష్యులు దొరకక, రంపములు దొరకక, మొదళ్లు ఎన్నో నెలలు తోటలలోనే యుండెను. మొదళ్లను కోసి తీసివేయుడు, లేక చీల్చి యెండబెట్టి కాల్చుడు. లేత చెట్లకు మొవ్వు దగ్గఱి ఆకు మట్టల మొదట మూడేసి నాఫ్తలీను ఉండలు పెట్టి, నెలన్నరకు మఱల మార్చుడు. గాయపడిన చెట్టుకు ఎఱ్ఱ ముక్కుపురుగు వచ్చును గావున గాయమునకు మందు పూయుడు. ఒరిగిన చెట్టును తొందరపడి కొట్టకుడు. మొవ్వాకు పచ్చగా నున్నచో అది బ్రదుకును. కాని కాయ వెంటనే రాదని తెలిసికొనుడు. పూగెల మొవ్వులో పుట్టి బయటపడుటకే రెండేండ్లకు పైగా పట్టును, పూచిన పిమ్మట కాయ ముదురుటకు ఇంకొక సంవత్సరము. ఆ మూడేండ్లు సంఘమువారు అప్పు వాయిదాలు ఆ లెక్కనే చూడవలెను గాని, వరి లెక్కను చూడరాదు.

జీడిలో విఱిగిన కొమ్మలను నున్నగా కోసి బోర్డో పేస్టు పూయవలెను. సగము వేళ్లు నేలలో నున్న చిన్నచెట్లను మొదటి నాలుగైదు దినములలో లేపి, మన్ను ఎగదోసి, ఊతకఱ్ఱలు పెట్టినచో కొన్ని నిలుచును. ఆలస్యమైనచో నిలువవు. క్రొత్తగా నాటువారు అంటుమొక్కలే నాటవలెను, మూడవ యేటినుండి కాయనారంభించును. కొబ్బరి వరుసల మధ్య ఇట్టివి వేసికొన్నచో మధ్యకాలము గడచును. పొట్టమీద నున్న వరి నీట మునిగినచో ముందు నీరు తీయుడు. పడిన వరిని నాలుగేసి దుబ్బులుగా చేర్చి కట్టుట శ్రమయైనను, ఈనిన మళ్లలో గింజ కొంత దక్కును. పూతలో గాలి కొట్టిన మడిలో తాలు తప్పదు. అట్టి మడికి మఱల ఎరువు చల్లి డబ్బు పోగొట్టుకొనకుడు.

పెద్దయ్య 2019 తొలకరిలో పడిన చెట్ల గుంతలలోనే నలుబది మొక్కలు నాటించెను. ఆ యేడు గంజాము వైపునుండి పిల్లలు తెప్పించిన పొట్టిరకములు కొన్ని, తన తోటలో నిలిచిన చెట్ల కాయలనుండి తానే మొలకెత్తించినవి కొన్ని. పొట్టిరకములు ముందే కాపునకు వచ్చినవి. కుమారుని భుజము కుదిరినది గాని, కావడి మోయజాలడు. పశువుల శాల ఇప్పుడు ఇంటికి దూరముగా, తక్కువ యెత్తుగా కట్టిరి. నేను ఎప్పుడు పోయినను పెద్దయ్య నన్ను శాలలోనికి తీసికొనిపోయి పలుపులను చూపును. ఒక కొస లాగినంతనే ఊడివచ్చు జారుముడి అది, పడవలవారివద్ద నేర్చుకొన్నాడట. దసరా మొదలు కార్తిక పూర్ణిమ వఱకు ప్రతి సాయంకాలమును తానే కట్టి, కన్నులు మూసికొని ఒకసారి లాగి చూచి, మఱల కట్టి, ఆ పిమ్మట భోజనమునకు పోవును.